అమెరికా కారుతో జర్మనీకి షిఫ్ట్ అవుతున్నారా? సాఫ్ట్‌వేర్ మారిస్తే చాలదు.. లైట్ల మీద ఆ ‘ఈ’ గుర్తు ఉండాల్సిందే!

అమెరికాలో ఉద్యోగం, అక్కడే ఇష్టపడి కొనుక్కున్న కారు. ఇప్పుడు జర్మనీలోనో, నెదర్లాండ్స్‌లోనో కొత్త ఆఫర్ వచ్చింది. ఇంటి సామాన్లతో పాటు కారును కూడా ఓడ ఎక్కించేస్తే సరిపోతుందిగా? మకాం మార్చే తెలుగు టెకీలకు సహజంగా వచ్చే ఆలోచనే ఇది. కానీ బ్రెమర్‌హావెన్ పోర్టులో దిగిన కారు నేరుగా రోడ్డెక్కదు. జర్మనీ నంబర్ ప్లేట్ రావాలంటే ముందు టెక్నికల్ ఇన్‌స్పెక్షన్ పాస్ అవ్వాలి. అక్కడ ఇన్‌స్పెక్టర్ కళ్లకు ముందుగా కనపడేవి లైట్లే.

‘ల్యాప్‌టాప్ పెట్టి కోడింగ్ చేస్తే చాలు, యూరప్ కారైపోతుంది’ అని చెప్పేవాళ్లు ఉంటారు. అందులో సగమే నిజం. మిగతా సగం ఏంటో తెలియకపోతే డబ్బులు రెండుసార్లు ఖర్చవుతాయి.

క్లుప్తంగా చెప్పాలంటే..

- కారులోని కంప్యూటర్‌కు ‘ఇది యూరప్ కారు’ అని చెప్పడానికి సాఫ్ట్‌వేర్ పనికొస్తుంది.
- ఇన్‌స్పెక్టర్‌కు ఆ మాట చెప్పాల్సింది మాత్రం లైటు గాజు మీద ఉండే అప్రూవల్ గుర్తు.
- అందుకే ముందు లైట్లు, తర్వాత వైరింగ్, ఆఖర్న కోడింగ్. ఈ వరస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాలి.

అసలు తేడా ఎక్కడొచ్చింది?

అమెరికాలో వాహనాల లైట్లకు ఫెడరల్ సేఫ్టీ స్టాండర్డ్ 108 వర్తిస్తుంది. అక్కడ పద్ధతి వేరు. ‘మా కారు రూల్స్ ప్రకారమే ఉంది’ అని కంపెనీయే సర్టిఫై చేసుకుంటుంది. ప్రభుత్వం తర్వాత చెక్ చేస్తుంది, తేడా ఉంటే రీకాల్ చేయిస్తుంది.

యూరప్‌లో అలా కాదు. మార్కెట్‌లోకి రాకముందే ఒక ప్రభుత్వ సంస్థ ఆమోదించాలి. దీన్నే టైప్ అప్రూవల్ అంటారు. దీని వెనక ఉన్నది 1958లో జెనీవాలో కుదిరిన ఐక్యరాజ్యసమితి ఒప్పందం. ఒక దేశం ఆమోదించిన హెడ్‌లైట్‌ను ఆ నిబంధనను పాటించే మిగతా సభ్య దేశాలు కూడా ఒప్పుకుంటాయి. జపాన్ కూడా 1998లో ఇందులో చేరింది. అమెరికా మాత్రం చేరలేదు.

అందుకే ఒకే మోడల్, ఒకే ఫ్యాక్టరీ, ఒకే రంగు అయినా అమెరికాకు వెళ్లే కారు లైట్లు వేరుగా, యూరప్‌కు వెళ్లేవి వేరుగా ఉంటాయి. చూడ్డానికి తేడా తెలియకపోవచ్చు. గాజు మీది గుర్తులు చదివితే తెలిసిపోతుంది.

గాజు మీది గుర్తులు ఇలా చదవాలి

అమెరికా లైటు మీద ‘డాట్’, ‘ఎస్‌ఏఈ’ అనే అక్షరాలు ఉంటాయి. యూరప్ లైటు మీద ఒక వృత్తం, అందులో ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరం, పక్కన ఒక అంకె ఉంటాయి. ఆ అంకె అప్రూవల్ ఇచ్చిన దేశానిది. 1 అంటే జర్మనీ, 2 ఫ్రాన్స్, 3 ఇటలీ, 4 నెదర్లాండ్స్, 11 బ్రిటన్. అంకె ఏదైనా ఇబ్బంది లేదు. గుర్తు ఉండటమే ముఖ్యం.

ఆ పక్కనే ఉండే చిన్న కోడ్‌లు ఆ లైటు ఏ పనికి పాస్ అయిందో చెబుతాయి.

- హెచ్‌సీ: హాలోజన్ లో బీమ్
- హెచ్‌ఆర్: హాలోజన్ హై బీమ్
- డీసీ, డీఆర్: జెనాన్ లో బీమ్, హై బీమ్
- ఆర్‌ఎల్: పగటిపూట వెలిగే రన్నింగ్ లైటు
- 2ఏ: వెనక ఇండికేటర్
- ఎఫ్: వెనక ఫాగ్ లైటు

హెడ్‌లైట్ మీద బాణం గుర్తు కూడా చూడాలి. బాణం లేకపోతే అది రోడ్డుకు కుడివైపు నడిచే దేశాలకు చేసిన లైటు. కుడికి చూపే ఒక్క బాణం ఉంటే బ్రిటన్‌లా ఎడమవైపు నడిచే దేశాలకు. రెండు వైపులా బాణం ఉంటే రెండింటికీ పనికొస్తుంది. బ్రిటన్‌లో వాడిన హెడ్‌లైట్లు చవగ్గా దొరికాయని ఆన్‌లైన్‌లో తీసుకుని జర్మనీలో బిగిస్తే, లో బీమ్ నేరుగా ఎదుటి డ్రైవర్ కళ్లలో పడుతుంది. కొనేముందు బాణం కనిపించేలా ఫొటో అడిగి తీసుకోవడం మంచిది.

ఏ లైటులో ఏం మారాలి?

వెనక ఇండికేటర్: అమెరికాలో ఎరుపు రంగులో వెలిగినా ఓకే. చాలా మోడళ్లలో బ్రేక్ లైటే ఇండికేటర్‌గా కూడా మెరుస్తుంది. యూరప్ నిబంధనల ప్రకారం ఇండికేటర్ అంబర్, అంటే నారింజ రంగులోనే ఉండాలి. కారణం సింపుల్. వెనక వచ్చేవాడికి ‘ఆగుతున్నాడా, తిరుగుతున్నాడా’ అనేది రంగును బట్టే తెలిసిపోవాలి.

పక్క ఇండికేటర్: ముందు ఫెండర్ మీదో, అద్దం మీదో చిన్న ఇండికేటర్ యూరప్‌లో తప్పనిసరి. అమెరికాలో అది తప్పనిసరి కాదు. దానికి బదులు ముందు అంబర్, వెనక ఎరుపు రంగు సైడ్ మార్కర్ లైట్లు ఉండాలి. అద్దంలోనే ఇండికేటర్ వచ్చే మోడల్ అయితే ఒక పని తగ్గినట్టే. దాని మీద కూడా ‘ఈ’ గుర్తు ఉందో లేదో చూసుకోవాలి.

వెనక ఫాగ్ లైటు: యూరప్‌లో కనీసం ఒకటి ఉండాలి. ఒక్కటే ఉంటే, కుడివైపు నడిచే దేశాల్లో దాన్ని మధ్యలోనో, ఎడమవైపునో పెట్టాలి. బ్రేక్ లైటుకు 100 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ దూరం ఉండాలి. దట్టమైన మంచులో ఇదే కారును పట్టిస్తుంది. అమెరికా మోడళ్లలో చాలాసార్లు ఈ లైటుకు చోటు ఉంటుంది గానీ లోపల బల్బు, వైరు, స్విచ్ ఉండవు.

ముందు పార్కింగ్ లైటు: అమెరికాలో ఇది అంబర్ రంగులో ఉండొచ్చు. యూరప్‌లో కార్లకు తెలుపే.

పగటి లైట్లు: 2011 ఫిబ్రవరి నుంచి యూరప్‌లో కొత్తగా అప్రూవల్ పొందే కార్లకు ఇవి తప్పనిసరి అయ్యాయి. కొన్ని అమెరికా మోడళ్లలో హై బీమ్‌నే తక్కువ కాంతితో పగటి లైటుగా వాడతారు. దానికి యూరప్‌లో ‘ఆర్‌ఎల్’ అప్రూవల్ ఉండదు.

ఇండికేటర్ వేగం: నిమిషానికి 60 నుంచి 120 సార్లు మెరవాలి. వైరింగ్ మార్చాక ఇది గబగబా కొట్టుకుంటుంటే ఎక్కడో లోడ్ తేడా ఉన్నట్టు.

అన్నిటికంటే పెద్ద పని హెడ్‌లైటే

లో బీమ్‌ను గోడ మీద వేసి చూస్తే తేడా కళ్లకు కడుతుంది. యూరప్ లైటులో వెలుగుకూ చీకటికీ మధ్య గీత గీసినట్టు ఉంటుంది. ఎడమవైపు ఆ గీత అడ్డంగా ఉండి, కుడివైపుకు వచ్చేసరికి పైకి లేస్తుంది. ఎదురుగా వచ్చేవాడి కళ్లలో వెలుగు పడదు, రోడ్డు పక్కన నడిచే మనిషి మాత్రం కనిపిస్తాడు. అమెరికా లైటులో ఆ గీత అంత కచ్చితంగా ఉండదు. రోడ్డు మీద ఎత్తుగా ఉండే సైన్ బోర్డులు కనిపించడానికి కొంత వెలుగును పైకి కూడా వదులుతారు.

ఈ ఆకారం లైటు లోపలి అద్దం, లెన్స్ వల్ల వస్తుంది. స్క్రూ తిప్పి బీమ్‌ను కిందికి దించొచ్చు. ఆకారాన్ని మాత్రం మార్చలేరు.

యూరప్‌లో హెడ్‌లైట్ ఎత్తును సర్దే ఏర్పాటు కూడా ఉండాలి. డిక్కీలో సామాను, వెనక సీట్లో ముగ్గురు ఎక్కితే కారు ముందు భాగం పైకి లేస్తుంది కదా.. అప్పుడు బీమ్ దించడానికి. హాలోజన్ కార్లలో అయితే డ్యాష్‌బోర్డు మీద చిన్న చక్రం ఉంటుంది. 2000 ల్యూమెన్లు దాటే జెనాన్ లాంటి లో బీమ్‌లకు ఆటోమేటిక్ లెవలింగ్‌తో పాటు హెడ్‌లైట్ వాషర్ కూడా కావాలి. అంటే యూరప్ జెనాన్ లైటు కొనడంతో పని అయిపోదు. సస్పెన్షన్ సెన్సర్లు, నీటి పంపు, నాజిల్స్ ఉన్నాయా అనేది ముందే చూసుకోవాలి.

హెడ్‌లైట్ దగ్గర ‘1.0 శాతం’ అని స్టిక్కరో, ముద్రో ఉంటే దాని అర్థం, బీమ్ 10 మీటర్ల దూరంలో 10 సెంటీమీటర్లు కిందికి దిగాలని. ఇన్‌స్పెక్షన్‌లో మిషన్ పెట్టి చూసేది ఇదే.

హాలోజన్ హౌసింగ్‌లో ఎల్‌ఈడీ బల్బు వేసి సరిపెడదామనుకుంటే అదీ కుదరదు. జర్మనీలో ఇలాంటి బల్బులకు 2020 నుంచి అనుమతులు మొదలయ్యాయి గానీ, ఫలానా బల్బు ఫలానా లైటులోనే వాడాలి అనే లిస్టు ఉంటుంది. అమెరికా హౌసింగ్‌కు ఆ లిస్టు సాయపడదు.

మరి సాఫ్ట్‌వేర్‌తో ఏమవుతుంది?

లైట్లు బిగించాక సాఫ్ట్‌వేర్ పని తప్పదు. ఈ రోజుల్లో బల్బుకు కరెంటు నేరుగా స్విచ్ నుంచి రాదు. బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే కంప్యూటర్ పంపిస్తుంది. ‘ఈ కారులో వెనక ఫాగ్ లైటు ఉంది’ అని దానికి చెప్పకపోతే బల్బు వెలగదు. ఒకవేళ వెలిగినా డ్యాష్‌బోర్డులో గుర్తు రాదు. ఎల్‌ఈడీ లైటు పెట్టి పాత బల్బు సెట్టింగే ఉంచితే ‘బల్బు పోయింది’ అని వార్నింగ్ వస్తుంది.

కోడింగ్‌తో సాధారణంగా జరిగే పనులు ఇవి.

- ఇండికేటర్‌ను బ్రేక్ లైటు నుంచి వేరు చేసి కొత్త అంబర్ లైటుకు ఇవ్వడం
- వెనక ఫాగ్ లైటును, దాని గుర్తును ఆన్ చేయడం
- అంబర్ పార్కింగ్ లైట్లను, సైడ్ మార్కర్లను ఆపడం
- స్పీడోమీటర్‌ను మైళ్ల నుంచి కిలోమీటర్లకు మార్చడం
- రేడియోను యూరప్ బ్యాండ్‌కు మార్చడం

రేడియో సంగతి చిన్నదిగా అనిపిస్తుంది గానీ విసిగిస్తుంది. అమెరికా ఎఫ్‌ఎం 98.1, 98.3 అంటూ బేసి అంకెల మీదే ఆగుతుంది. యూరప్‌లో 98.4 మీద స్టేషన్ ఉంటే అది పట్టదు. యూరప్ డిజిటల్ రేడియో డాబ్ అయితే దానికి వేరే రిసీవరే కావాలి.

ఫోక్స్‌వ్యాగన్, ఆడిలకు ఓడిస్.. బీఎండబ్ల్యూకు ఇస్టా.. మెర్సిడెస్‌కు జెంట్రీ.. ఇవి డీలర్లు వాడే అధికారిక టూల్స్. బయట గ్యారేజీల్లో వేరే టూల్స్ ఉంటాయి. అయితే కొత్త కార్లలో తాళాలు పెరిగాయి. హ్యాకింగ్ భయంతో ఐక్యరాజ్యసమితి తెచ్చిన 155వ రెగ్యులేషన్ 2024 జులై నుంచి యూరప్‌లో అమ్మే కొత్త కార్లన్నిటికీ వర్తిస్తోంది. ఫోక్స్‌వ్యాగన్ కొత్త మోడళ్లలో కంపెనీ సర్వర్ నుంచి అనుమతి వస్తేనే కొన్ని సెట్టింగ్‌లు మారతాయి. ఆడి లాంటి వాటిలో వేరే కారు నుంచి తీసిన మాడ్యూల్ పెడితే, డీలర్ ఆన్‌లైన్‌లో విడుదల చేసేదాకా అది పూర్తిగా పనిచేయదు.

ఇంకో చిక్కు ఉంది. అన్నీ మార్పించాక ఏడాదికి సర్వీసింగ్‌కు ఇస్తారు. డీలర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తాడు. ఫ్యాక్టరీ రికార్డులో కారు ఇంకా ‘అమెరికా’ అనే ఉంటే, అప్‌డేట్ తర్వాత సెట్టింగ్‌లు పాత స్థితికి వెళ్లిపోవచ్చు. అందుకే విడివిడి సెట్టింగ్‌లు కాకుండా, కారు సొంత ఆర్డర్ డేటాలోనే దేశం, లైట్ల వివరాలు మార్పించడం మేలు. మార్చక ముందు, మార్చిన తర్వాత కోడింగ్ ఫైళ్ల కాపీ తీసిపెట్టుకోవాలి.

సాఫ్ట్‌వేర్‌తో కానివి ఇవీ

మ్యాట్రిక్స్ లైట్లు: ఎదుటి కారు ఉన్నచోట మాత్రమే చీకటి చేసి మిగతా రోడ్డంతా హై బీమ్ ఇచ్చే టెక్నాలజీ ఇది. ఆడి 2013లోనే ఏ8లో తెచ్చింది. అమెరికా ఇలాంటి లైట్లకు 2022 ఫిబ్రవరిలో గానీ అనుమతి ఇవ్వలేదు. దాంతో ‘అమెరికా కారులో ఫీచర్ లోపల ఉంది, ఆన్ చేస్తే చాలు’ అనే ప్రచారం ఉంది. లైటు యూనిట్టే వేరైతే ఆన్ చేయడానికి ఏమీ ఉండదు. ఒకవేళ పనిచేసినా గాజు మీది గుర్తు మారదు.

ఎమర్జెన్సీ కాల్: ప్రమాదం జరిగితే కారే 112కు ఫోన్ చేసే ఈకాల్ వ్యవస్థ 2018 మార్చి 31 నుంచి యూరప్‌లో కొత్త మోడళ్లకు తప్పనిసరి. అమెరికా కారులోని మోడెమ్ అందుకోసం చేసింది కాదు.

టైర్ సెన్సర్లు, తాళం రిమోట్: అమెరికాలో ఎక్కువగా 315 మెగాహెర్ట్జ్, యూరప్‌లో 433. ఉన్న సెన్సర్లు పనిచేస్తాయి. కానీ జర్మనీలో కొన్న కొత్త వింటర్ టైర్లలోని సెన్సర్లను కారు గుర్తించదు.

చార్జింగ్ సాకెట్: ఎలక్ట్రిక్ కారైతే సాకెట్టే వేరు. యూరప్‌లో టైప్ 2, సీసీఎస్ 2 వాడతారు.

డబ్బు పెట్టే ముందు ఈ వరస పాటించాలి

1. ఓడ బుక్ చేయకముందే కారు నాలుగు వైపులా ఫొటోలు, ప్రతి లైటు మీది గుర్తుల క్లోజప్‌లు తీయాలి.

2. ఆ ఫొటోలు, వీఐఎన్ నంబర్ జర్మనీలోని టీయూవీ లేదా డెక్రా కేంద్రానికి మెయిల్‌లో పంపాలి. ఏమేం మార్చాలో రాతపూర్వకంగా తీసుకోవాలి. ఫోన్లో చెప్పిన మాట ఇన్‌స్పెక్షన్ రోజు అక్కరకు రాదు.

3. అదే మోడల్ యూరప్‌లో అమ్ముడైందా అని చూడాలి. అమ్ముడైతే లైట్లు దొరుకుతాయి. అమెరికాలో మాత్రమే అమ్మే పికప్‌లు, పెద్ద ఎస్‌యూవీలకు ఫ్యాక్టరీ యూరప్ లైట్లే ఉండకపోవచ్చు. అప్పుడు స్పెషలిస్ట్ వర్క్‌షాప్ తప్పదు.

4. లైట్లు, వైరింగ్, ఎత్తు సర్దుబాటు, కోడింగ్.. ఇదే వరసలో చేయించి, బిల్లులు దాచాలి.

5. వర్క్‌షాప్‌తో మాట్లాడేటప్పుడు ‘లైట్లు వెలుగుతాయి’ అని కాకుండా ‘ఇన్‌స్పెక్షన్ పాస్ అయ్యేదాకా బాధ్యత మాది’ అని రాయించుకోవాలి.

జర్మనీలో పేపర్ల పని

మకాం మార్చే సామానుగా కారును తెస్తే యూరోపియన్ యూనియన్‌లో కస్టమ్స్ మినహాయింపు ఉంది. యూనియన్ బయట కనీసం 12 నెలలు నివాసం ఉండాలి. కారు కనీసం 6 నెలలు సొంతంగా వాడి ఉండాలి. తెచ్చాక 12 నెలలు అమ్మకూడదు, ఇతరులకు ఇవ్వకూడదు. ఈ షరతులు దాటితే దిగుమతి సుంకం, దానిపైన జర్మనీలో 19 శాతం వ్యాట్ పడతాయి.

యూరప్ అప్రూవల్ లేని కారుకు జర్మనీ వాహన నిబంధనల్లోని 21వ సెక్షన్ కింద విడిగా పరీక్ష చేస్తారు. ఆ రిపోర్టు, కస్టమ్స్ క్లియరెన్స్ పత్రం, అమెరికా టైటిల్, బీమా నంబర్ తీసుకుని రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లాలి. కొన్ని తేడాలకు 70వ సెక్షన్ కింద మినహాయింపు అడగొచ్చు. కానీ అది హక్కు కాదు, అధికారుల నిర్ణయం.

ఇన్‌స్పెక్షన్ రోజు యూరప్ లైట్లు పెట్టి, పాస్ అయ్యాక పాతవి బిగించుకునేవాళ్లూ ఉంటారు. అలా చేస్తే కారుకు రోడ్డు మీద తిరిగే అనుమతే రద్దు కావచ్చు. ప్రమాదం జరిగితే బీమా దగ్గర కూడా చిక్కులొస్తాయి.

యూరప్‌లోనే సెకండ్ హ్యాండ్ కారు కొంటుంటే..

అమెరికా వేలంలో అమ్ముడైన యాక్సిడెంట్ కార్లు లిథువేనియా, పోలండ్ లాంటి దేశాలకు వెళ్లి, బాగుచేయించుకుని యూరప్ మార్కెట్‌లోకి వస్తుంటాయి. ధర తక్కువగా ఉంటే గాజు మీది గుర్తులతో పాటు వీఐఎన్ చూడాలి. మొదటి అంకె 1, 4, 5 అయితే అమెరికాలో తయారైంది. ఫోక్స్‌వ్యాగన్, ఆడిల్లో యూరప్ మార్కెట్ కారుకు వీఐఎన్ మధ్యలో సాధారణంగా మూడు ‘జడ్’ అక్షరాలు వరసగా ఉంటాయి. అమెరికా మార్కెట్ కారులో ఆ చోట వేరే అక్షరాలుంటాయి.

అదే కారును హైదరాబాద్ తెచ్చుకోవచ్చా?

అమెరికా కారుకైతే ఆ ఆశ వదులుకోవాల్సిందే. మన దేశంలోకి తెచ్చే పాత కారు మూడేళ్లు దాటి ఉండకూడదు. స్టీరింగ్ కుడివైపు ఉండాలి. స్పీడోమీటర్ కిలోమీటర్లలో ఉండాలి. హెడ్‌లైట్ బీమ్ రోడ్డుకు ఎడమవైపు నడిచే ట్రాఫిక్‌కు సరిపోవాలి. ఈ మాట దిగుమతి నిబంధనల్లోనే రాసి ఉంది. అంటే లైటు వెలుగు ఎటు పడుతుందనేది బెర్లిన్‌లోనే కాదు, బేగంపేటలో కూడా లెక్కే. ఎదురుగా బైక్ మీద వచ్చేవాడికి రెండు సెకన్లు కళ్లు కనిపించకపోతే జరిగే నష్టం ఏ దేశంలోనైనా ఒకటే కదా.